ఉన్నత పాఠశాల పిల్లలకు కెమెరా నడక నేర్పే విషయమై తీర్మానం

పాఠశాల యాజమాన్య కమిటీ, ఉన్నత పాఠశాల, కోటబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా

విషయం: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు శనివారం మధ్యాహ్నం పూట సినిమా తరగతి నడపడం, అందులో అన్నిటికంటే ముందు కెమెరా కదలికలు నేర్పడం.

హాజరు: మినిట్స్ పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు వేసిన సభ్యులు, ప్రధానోపాధ్యాయులు, ఆహ్వానం మీద వచ్చిన పెళ్ళి వీడియోగ్రాఫరు ఒకరు.

సమావేశం ముందుకు వచ్చిన సంగతులు

2023 నవంబరు 24న ‘కోటబొమ్మాళి పీ.ఎస్.’ సినిమా విడుదలైంది. దర్శకుడు తేజ మార్ని. మూలం 2021లో మలయాళంలో వచ్చిన ‘నాయట్టు’. కథ ఎక్కడిదైనా బోర్డు మీద పేరు మనది. సినిమా రాకముందే ‘లింగిడి లింగిడి’ పాట మన పిల్లల నోళ్ళలో నానింది. అంతకుముందు 2020లో కరుణ కుమార్ ‘పలాస 1978’ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో చందూ మొండేటి ‘తండేల్’ వచ్చింది. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కిన మన జిల్లా మత్స్యకారుల బాధ దానికి ఆధారం. మన ఊళ్ళ పేర్లు, మన యాస, మన కష్టం తెర ఎక్కుతున్నాయి. కెమెరా పట్టుకునే చోటికి మన బడి పిల్లలు ఇంకా చేరలేదు. ఆ సంగతి సమావేశంలో ఒకరు అనగానే అందరూ ఒప్పుకున్నారు.

అయితే పిల్లలు కెమెరా పట్టుకోవడం లేదని కాదు. సెలవు రోజున ఇంట్లో ఫోను వాళ్ళ చేతిలోనే ఉంటుంది. వాళ్ళు తీసిన మూడు వీడియోలను బడిలోని పెద్ద తెర మీద వేసి చూశాం. మొదటిది కొత్తమ్మతల్లి జాతరది, నలభై సెకన్లు. ఫోను ఎడమకి పోయి, కుడికి వచ్చి, మళ్ళీ ఎడమకి పోయింది, పైపుతో మడికి నీళ్ళు చల్లుతున్నట్టు. ఘటం ఎత్తుకున్న ఆమె ముఖం కనబడేలోగా జనం, జనం కనబడేలోగా దీపాల తోరణం, ఆ వెంటనే ఎవరి వీపో. రెండోది కొబ్బరి తోటది, మొదటి నుంచి చివరి దాకా జూమే. మూడోది ఒక తల్లి జీడిపప్పు పొట్టు తీస్తున్నది. దాన్ని తీసిన అబ్బాయి ఆమె చుట్టూ తిరుగుతూ తీశాడు. ఆమె వేళ్ళు చేస్తున్న పని ఒక్క క్షణం కూడా సరిగ్గా కనబడలేదు. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకుని, అయిపోయాక చెప్పమన్నారు.

తప్పు పిల్లలది కాదని కమిటీ అభిప్రాయం. చేతికి పెన్ను ఇచ్చేముందు ‘అ’ ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చెప్పాం. ఫోను ఇచ్చేటప్పుడు ఆపాటి మాట ఎవరూ చెప్పలేదు.

పై సంగతులన్నీ చర్చించిన మీదట కింది విధంగా తీర్మానించడమైనది.

1. మొదటి నాలుగు శనివారాలు కెమెరా కదలరాదు. ఫోనును ఇటుక మీదో, ఇసుక సంచి మీదో ఆనించి, పిల్లవాడు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. ఒక్కో షాటు కనీసం పది సెకన్లు. ఎదురుగా ఏదో ఒకటి కదులుతుండాలి: నూతిలోంచి పైకొచ్చే చేద, చక్రం మీద తిరిగే కుండ, పొట్టు తీసే చేతులు. ఆ మూడో వీడియోనే మళ్ళీ తీయించాలని ప్రత్యేకంగా నిర్ణయించాం. జీడిపప్పు పని చేసే ఇంట, ఆమె ఒప్పుకుంటే, పీటకి రెండడుగుల దూరంలో ఫోను పెట్టాలి. ఎండిన పప్పును రెండు వేళ్ళ మధ్య తిప్పి, గోటితో గీరి, విరగకుండా పొట్టు ఊడదీయడం మన పలాస ప్రాంతంలో వేలమందికి అన్నం పెట్టే విద్య. పప్పు విరిగితే రేటు పడిపోతుంది. కదలవలసినవి ఆ వేళ్ళు. కెమెరా కూడా కదిలితే చూసేవాడి కంటికి ఆ విద్య అందదు. నిలబడడం నేర్చినవాడికే నడవడం నేర్పాలి. ఈ నాలుగు వారాలు పిల్లలకు విసుగు పుడుతుందని వీడియోగ్రాఫరు హెచ్చరించారు. పుట్టనివ్వండి అని కమిటీ అభిప్రాయం.

2. ఐదో వారం నుంచి పాన్, టిల్ట్. నిలబడ్డ చోటే నిలబడి తలను పక్కకు తిప్పినట్టు కెమెరాను తిప్పితే పాన్. తలెత్తి చూసినట్టు పైకి, దించి చూసినట్టు కిందికి తిప్పితే టిల్ట్. రెండింటికీ ఒక్కటే నియమం: ఎక్కడ మొదలవుతుందో అక్కడ మూడు సెకన్లు ఆగాలి, ఎక్కడ ముగుస్తుందో అక్కడ మూడు సెకన్లు ఆగాలి, ముగిసిన చోట చూడదగ్గది ఉండాలి. అభ్యాసానికి నౌపడ ఉప్పు మళ్ళను మించిన చోటు లేదు. నేల బల్లపరుపు, అడ్డంగా గీసినట్టు ఆకాశం, మధ్యలో తెల్లటి ఉప్పు కుప్పలు. పాన్ కాస్త వంకరపోయినా ఆ గీత పట్టిచ్చేస్తుంది.

ఎంత మెల్లగా తిప్పాలన్నదానికి కెమెరా పనివాళ్ళు పాటించే లెక్క ఒకటుంది. తెర ఈ అంచున ఉన్న వస్తువు ఆ అంచుకు చేరడానికి సుమారు ఏడు సెకన్లు పట్టాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలే ఉంటాయి గనుక తొందరపడి తిప్పితే వస్తువు గెంతుతూ పోయినట్టు కనబడుతుంది. తరగతి గదిలో ట్యూబులైటు కింద తీసేటప్పుడు మరో చిక్కు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, దాంతో లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. ఫోనులో షట్టరును యాభయ్యో వంతుకో, నూరో వంతుకో పెట్టకపోతే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. ఈ పాఠం భౌతికశాస్త్రం మాస్టారు చెప్పాలి.

3. జూముకూ ట్రాలీకీ, అంటే కెమెరానే ముందుకు జరపడానికీ, తేడా. ఈ ఒక్క పాఠానికి మూడు శనివారాలు కేటాయించడమైనది. ఎందుకంత అన్న సభ్యులకు సమాధానం ఇది.

కొబ్బరి తోటలో నిలబడదాం. పది అడుగుల దూరంలో ఒక చెట్టు, దాని వెనక చాలా దూరాన కొండ. ఫోను మీద రెండు వేళ్ళు పెట్టి రెండింతలు జూము చేస్తే చెట్టూ రెండింతలవుతుంది, కొండా రెండింతలవుతుంది. బొమ్మను కత్తిరించి పెద్దది చేసినట్టే. చాలా ఫోన్లలో నిజంగా జరిగేదీ అదే, అందుకే మసక వస్తుంది. ఇప్పుడు జూము తీసేసి, ఐదడుగులు ముందుకు నడుద్దాం. చెట్టు రెండింతలైంది. కొండ ఉన్నంతే ఉంది. చెట్టు కొండను వెనక్కి నెట్టి మన మీదికి వచ్చింది. అంటే జూములో చూసేవాడు కూర్చున్న చోటే కూర్చుని దుర్భిణి పెట్టుకున్నాడు, ట్రాలీలో లేచి లోపలికి నడిచాడు. ఒక మనిషి కష్టం దగ్గరికి పోతున్నామా, దూరం నుంచి తొంగిచూస్తున్నామా అన్నది ఇక్కడ తేలిపోతుంది. పిల్లలు ఆ రెండు షాట్లూ తీసి, పక్కపక్కన వేసుకుని, ఏది ఎందుకు బాగుందో తరగతిలో నోటితో చెప్పాలి.

జూము పాపం కాదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టినప్పుడు చెట్టు కిందికి పోవడమే తప్పు. అక్కడ జూము మర్యాద. రెండూ ఒకేసారి చేస్తే, అంటే కెమెరా ముందుకు పోతూ జూము వెనక్కి వస్తే, మనిషి ఉన్నట్టే ఉండి వెనకాల లోకం జారిపోయినట్టుంటుంది. హిచ్‌కాక్ 1958లో ‘వెర్టిగో’లో వాడి దీన్ని లోకానికి చూపించాడు. పిల్లలు ఎక్కడో చూసి తప్పకుండా అడుగుతారు. వివరం చెప్పవచ్చు, మొదటి ఏడాది చేయించరాదు.

4. పరికరాలు. వణుకు ఆపే జింబల్, కెమెరాను జరిపే స్లైడర్ కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. తిరస్కరించడమైనది. ఒక ట్రైపాడ్ మాత్రం కొనవచ్చు. మిగతావి మనవాళ్ళ చేతుల్లో ఉన్నవే. బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద ఫోను నిలబెట్టి, తువ్వాలు చివర పట్టుకుని మెల్లగా లాగితే స్లైడరు పని అయిపోతుంది. ఫోను కింద దారం కట్టి, రెండో కొసను కాలితో తొక్కి, దారం బిగుతుగా ఉండేలా పైకి పట్టుకుంటే చేతి వణుకు సగానికి సగం తగ్గుతుంది. సైకిలు వెనక సీటు, కూరగాయల తోపుడు బండి, రెండూ ట్రాలీలే. చక్రంలో గాలి కొంచెం తక్కువ ఉంటే కుదుపు తగ్గుతుందని వీడియోగ్రాఫరు చెప్పారు. 1960లో విడుదలైన ‘బ్రెత్‌లెస్’ను గొదార్ తీసినప్పుడు కెమెరామెన్ రావుల్ కుతార్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోశారు.

షూటింగుల్లో చూసే జిమ్మీ జిబ్‌కు పిల్లలు నోరు తెరుస్తారు. దాని లోపలున్నది మన ఏతం. ఇటు కొసన బరువు, అటు కొసన నీళ్ళ బానకు బదులు కెమెరా, మధ్యలో మోసే గుంజ. తాతల కాలంలో ఏతం తొక్కిన ఇళ్ళు మన మండలంలో ఇంకా ఉన్నాయి. ఒక వెదురు, ఒక గుంజ, ఇసుక మూట పెట్టి చిన్న ఏతం కట్టే పని చేతిపనుల పీరియడుకు అప్పగించడమైనది. బరువు ఎంత, గుంజకు ఎంత దూరం అన్నది లెక్కల మాస్టారు పిల్లల చేతనే కట్టించాలి. కట్టిన రోజు తాతల్లో ఒకరిని పిలిచి చూపించాలి. వాళ్ళు పట్టే తప్పులు పుస్తకంలో దొరకవు.

కెమెరాను వాహనం ఎక్కించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1896లో లూమియేర్ సోదరుల మనిషి అలెగ్జాండర్ ప్రోమియో వెనిస్ కాలువ మీద పడవలో కెమెరా పెట్టాడు. ఒడ్డున మేడలు వాటంతటవే నడిచిపోయాయి. మనకు పడవ అక్కర్లేదు. నౌపడ నుంచి గుణుపురం పోయే ప్యాసింజరు ఉంది. పర్లాకిమిడి రాజుగారి నాటి నారోగేజీ లైను, 2004లో ఆగి, 2011లో బ్రాడ్‌గేజీగా తిరిగి తెరుచుకుంది. ఏడాదికి ఒకసారి, మాస్టార్లు వెంట ఉండగా, పెట్టె లోపల సీట్లో కూర్చుని కిటికీ ఊచల వెనక నుంచి తీయాలి. దగ్గరి తుమ్మచెట్టు పరిగెత్తడం, దూరపు కొండ నిలబడిపోవడం కళ్ళారా చూస్తే మూడో అంశంలోని పాఠం మళ్ళీ చెప్పనవసరం లేదు.

ఫోను చేత్తో పట్టుకుని నడుస్తూ తీయడం చివరి పాఠం. మోకాళ్ళు కొంచెం వంచి, మడమ ముందు ఆనించి, నిండు బిందె చంకనెత్తుకుని నడిచినట్టు నడవాలి. ఈ పాఠంలో ఆడపిల్లలు ముందుంటారని సభ్యురాలు ఒకరు అన్నారు. అందరూ నవ్వినా, ఆ మాట పుస్తకంలో రాయమన్నారు. గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీక్యామ్ చేసేది కూడా అదే, నడకలోని కుదుపు కెమెరాకు అంటకుండా చూడడం. 1976లో హాలీవుడ్‌లో వాడుకలోకి వచ్చిన ఆ యంత్రాన్ని గట్టిగా వాడుకున్న తొలి తెలుగు సినిమాల్లో 1989 నాటి ‘శివ’ ఒకటి. కెమెరా ఎస్. గోపాలరెడ్డి.

5. తప్పెటగుళ్ళు. రొమ్మున రేకు బిళ్ళలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట మన ఉత్తరాంధ్రది. ఏడాది చివరి పరీక్ష దీని మీదే. గుంపు ఒకే ఆటను నాలుగుసార్లు ఆడాలి: ఒకసారి కెమెరా బయట కదలకుండా, ఒకసారి వలయం చుట్టూ ఆటగాళ్ళు తిరిగే దిక్కునే, ఒకసారి ఎదురు దిక్కున, చివరిసారి వలయం నడుమ నిలబడి చుట్టూ తిరుగుతూ. ఎదురు దిక్కున తిరిగితే ఆట వేగం పెరిగినట్టుంటుంది. వాళ్ళతోపాటే తిరిగితే ఒక్క మనిషి ముఖం, చెమట, ఊపిరి చేతికి దొరుకుతాయి. ఏది సరైనదని మాస్టారు చెప్పరాదు. పిల్లవాడు ఎంచుకున్న దానికి కారణం చెప్పగలిగితే మార్కులు. ‘బాగుంటుందని’ అన్నది కారణంగా తీసుకోరాదు. కళాకారులకు ఆ పూట కూలి, భోజనం కమిటీ ఇస్తుంది. పిల్లల చదువు కోసం ఉట్టిపుణ్యానికి ఆడమని అడగరాదు.

6. చేయకూడనివి. దీని మీద ఓటింగు అవసరం రాలేదు. రైలు పట్టాల దరిదాపుల్లో, పదహారో నంబరు జాతీయ రహదారి అంచున, సముద్రంలో మోకాలు లోతు దాటి కెమెరా తీయరాదు. డ్రోను వద్దు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్టుకే పద్దెనిమిదేళ్ళు నిండాలని 2021 నాటి డ్రోన్ నియమాలు చెబుతున్నాయి. తీసినదేదీ ఎవరి ఖాతాలోనూ పెట్టరాదు. బడి తెర మీద చూసి, బడి కంప్యూటరులో దాచాలి. ఎవరినైనా తీసేముందు అడగాలి, తీశాక వాళ్ళకు చూపించాలి, తీసేయమంటే వాళ్ళ కళ్ళముందే తీసేయాలి.

ఉద్దానం కిడ్నీ రోగుల సంగతి విడిగా రాయమని సభ్యులు పట్టుబట్టారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు బంధువులు లేని ఇల్లు మనలో తక్కువ. డయాలసిస్ మంచం మీదున్న మనిషి ముఖం మీదికి జూము చేసి, కింద విషాద సంగీతం పెట్టిన వీడియోలు చాలా చూశాం. మన బడి పిల్లలు ఆ పని చేయరాదు. ఆ ఇంటి కథ చెప్పాలనిపిస్తే వాకిట్లో పెట్టిన నీళ్ళ క్యాన్ల వరసను, కదలని కెమెరాతో, ఇంటివాళ్ళ అనుమతితో తీయవచ్చు.

7. తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను కొబ్బరిని, జీడిమామిడిని పడగొట్టింది. ఆనాటి వీడియోలు మా ఫోన్లలో ఇంకా ఉన్నాయి. సమావేశంలో రెండు తెరిచి చూశాం. ఊపుకు ఏ తోట ఎవరిదో, ఎన్ని చెట్లు పడ్డాయో చెప్పలేకపోయాం. తీసినవాడే చెప్పలేకపోయాడు. కాబట్టి నష్టం తీసే పద్ధతి కూడా పాఠంలో ఉండాలి: ముందు గట్టు రాయో, బోరు గదో, ఆనవాలు ఒకటి కనబడేలా నిలకడ షాటు, తరువాత తోట ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటే మెల్లని పాన్, తరువాత పడిన చెట్ల మొదళ్ళు. మళ్ళీ తుపాను రాకూడదనే కోరుకుంటాం. వస్తే మాత్రం పిల్లల చేతికి పని తెలిసి ఉండాలి.

చర్చలో వచ్చిన అభ్యంతరాలు

ఒక తల్లి లేచి, “మా గుంటకి లెక్కలు రాకపోతే ఈ కెమెరా ఏటి సేత్తాది మాస్టారూ?” అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న అని నమోదు చేయడమైనది. పదో తరగతిని ఈ కార్యక్రమం నుంచి పూర్తిగా మినహాయించాం. మిగతా తరగతుల్లో కూడా శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లకు మించరాదు. ఇది సినిమావాళ్ళను తయారుచేయడానికి పెట్టిన తరగతి కాదని ఆమెకు వివరించాం. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదని కూడా ఇక్కడ రాస్తున్నాం. అదే సమయంలో ఒక సభ్యుడు, సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టినప్పుడు కెమెరామెన్ సుబ్రత మిత్రాకు ఇరవై పైచిలుకు ఏళ్ళేనని, అంతకుముందు ఆయన సినిమా కెమెరా పట్టలేదని గుర్తుచేశారు. ఆమె, “ఆయనకి లెక్కలొచ్చేమో” అన్నారు.

ఎడిటింగు ముందు నేర్పాలని మరొకరి వాదన. వంటకు ముందు వడ్డన నేర్పమన్నట్టుందని మెజారిటీ సభ్యులు భావించారు. వీగిపోయింది.

పిల్లలు బడికి ఫోను తేరాదని 2023 ఆగస్టులో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఆదేశం ఇచ్చింది. దాన్ని తు.చ. తప్పకుండా పాటించాలి. ఏ పిల్లవాడూ తన ఫోను తేకూడదు. సిమ్ము లేని ఫోన్లు కమిటీ పేరున ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల బీరువాలో పెట్టి, శనివారం తీసి, సాయంత్రానికి లెక్కపెట్టి తాళం వేయాలి. ఫోన్ల కోసం బడి నిధుల నుంచి ఒక్క పైసా తీయరాదు.

బోధన ఏ భాషలో అన్నదానికి చర్చ పెద్దగా జరగలేదు. వాడుక భాష కోసం బతుకంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. పాన్, టిల్ట్, ట్రాలీ, క్రేన్ అన్నవి షూటింగుల్లో లైట్‌బాయ్ దగ్గర నుంచి అందరూ అనే మాటలు, వాటిని అలాగే ఉంచాలి. వివరం మాత్రం మన ఇంటి మాటల్లో చెప్పాలి. పాఠం చెప్పడానికి సమావేశానికి వచ్చిన వీడియోగ్రాఫరే ఒప్పుకున్నారు. ముహూర్తాల నెలల్లో రాలేనని ముందే చెప్పారు. ఆ వారాల్లో సైన్సు మాస్టారు తీసుకుంటారు.

పై తీర్మానం ఒక్క అసమ్మతితో ఆమోదం పొందినది. నకలు మండల విద్యాశాఖాధికారి గారికి పంపవలసినది, మరొకటి నోటీసు బోర్డులో అతికించవలసినది.

గ్రామస్తులకు మనవి: ఇంట్లో పాత స్మార్ట్‌ఫోను ఉంటే, అద్దం పగిలినా సరే, కెమెరా పనిచేస్తే చాలు, అందులోని సొంత ఫొటోలు, నంబర్లు తీసేసి, సిమ్ము తీసుకుని, వీలైతే ఛార్జరుతో సహా ప్రధానోపాధ్యాయుల గదిలో ఇచ్చి రసీదు తీసుకోగలరు. ఇప్పటికి రెండు వచ్చాయి. ఇంకా ఆరు కావాలి.